ఎర్రదాని కొలతపుల్ల

ఎర్రదాని కొలతపుల్ల విరగ్గొట్టింది నేనే. ఏదైనా పని చేస్తూ విరగ్గొట్టినా కొంత గౌరవంగా ఉండేది. మధ్యాహ్నం భోంచేసి వచ్చి హ్యాంగర్లో బల్ల మీద చతికిలబడ్డాను, కింద పుటుక్కుమంది. లేచి చూస్తే రెండు ముక్కలు. ఇరవై రెండేళ్ళ సర్వీసున్నవాణ్ణి, ఐనా ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ దొంగచూపులు చూశాను.

విమానం నడపడం నేర్పే చిన్న స్కూలు మాది. ఉన్నవి రెండు విమానాలు. ఒకదానికి నీలం చార, రెండోదానికి ఎర్ర చార. కాయితాల్లో వాటికి ఏవేవో నంబర్లున్నాయి గానీ మాకు అవి నీలంది, ఎర్రది. వాటి ఇంజన్లు చూసేదీ, రెక్కలు తుడిచేదీ, పెట్రోలు పోసేదీ నేనే. అందరూ మేస్త్రి అంటారు. ఇలాంటి బుల్లి విమానాల్లో పెట్రోలు ఎంతుందో చూపించే గేజీలు ఉంటాయి, కానీ వాటిని నమ్మి ఎవరూ గాల్లోకి లేవరు. ట్యాంకులు రెక్కల్లో ఉంటాయి. స్టూలెక్కి, మూత తీసి, గీతలు పెట్టిన కర్రపుల్లని నిలువుగా ముంచి, ఎక్కడిదాకా తడిసిందో చూసుకోవాలి. అదే మా కొలత.

కొత్త పుల్ల చెయ్యాలంటే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి, ఐదేసి లీటర్లు పోస్తూ, పోసినప్పుడల్లా ముంచి గీత పెట్టుకుంటూ రావాలి. ఒక పూట పని. వానలు మొదలయ్యేలోపు తమ ఎగిరే గంటలు పూర్తి చేసుకోవాలని విద్యార్థులు పొద్దున ఆరింటికే వచ్చి వరసకట్టే రోజులవి. ఎర్రదాన్ని ఒక పూట ఖాళీగా ఉంచుతానంటే మేడమ్ నన్ను నిలబెట్టి తిట్టేది. మేడమ్ అంటే మా పెద్ద ఇన్‌స్ట్రక్టరు. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఇంజన్ మోతలో కూడా వినపడుతుంది. అందుకని నీలందాని పుల్ల పక్కన ఒక కొత్త బద్ద పెట్టుకుని గీతకి గీత కొట్టేశాను. రెండూ ఒక తల్లి పిల్లలే కదా అనుకున్నాను.

నీలందానికి పొడుగు ట్యాంకులున్నాయని నాకు తెలీదా? తెలుసు. మా దగ్గరికి రాకముందు ఎవరో దూరప్రయాణాల కోసం పెట్టించారు. లోతు రెండింటికీ ఒకటే, పొడవే తేడా. పళ్ళెంలో బెత్తెడు నీళ్ళూ చెంబులో బెత్తెడు నీళ్ళూ ఒకటి కావని బడికెళ్ళని పిల్లకి కూడా తెలుస్తుంది. నీలందాంట్లో ఎనభై లీటర్లని చెప్పే గీత ఎర్రదాంట్లో యాభై నాలుగో యాభై ఐదో అవుతుంది. ఆ పూట అది నా బుర్రకి తట్టలేదు. అంతకు మించి చెప్పుకోవడానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

నెల రోజులపాటు ఆ పుల్ల వల్ల ఎవరికీ చీమ కుట్టినంత ఇబ్బంది కూడా రాలేదు. రోజూ ట్యాంకు అంచుదాకా పోసేవాళ్ళం. అంచుదాకా పోశాక ఇంక పుల్లతో పనేముంది?

మా కాపురం హ్యాంగర్ వెనకే, స్కూలు వాళ్ళిచ్చిన క్వార్టర్లో. రెండు గదులు, ఒక వరండా. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది. పెళ్ళయి మా ఆవిడ వచ్చినప్పుడు ఆమెతో పాటు ఒక ట్రంకు పెట్టే, ఎనిమిదేళ్ళ తమ్ముడూ వచ్చారు. పెట్టె తుప్పుపట్టి పోయింది, తమ్ముడు ఆరడుగులు పెరిగాడు. వాడు పగలగొట్టినవన్నీ నేనే పగలగొట్టానని చెప్పి ఇన్నేళ్ళూ వాణ్ణి కాపాడుకుంటూ వచ్చాను. అద్దం, గడియారం, పక్కింటి కిటికీ. మా ఆవిడ కొట్టేది గట్టిగా, ఏడ్చేది అంతకంటే గట్టిగా. ఆ రెండూ చూడలేక.

సిబ్బంది ఇంటివాళ్ళకి స్కూల్లో ఒక సీటుంటుంది. దానికోసం వాడు నాలుగేళ్ళు కాచుకున్నాడు. స్కూల్లో వాడి పేరు పెన్సిల్. చెవి మీద ఎప్పుడూ పెన్సిలుండేది. ఎంత దూరం, ఎంత గాలి, గంటకి ఎన్ని లీటర్లు, మిగులెంత అని ప్రతి ప్రయాణానికీ వాడు వేసే లెక్క చూడటానికి తోటి విద్యార్థులు వచ్చేవాళ్ళు. ఎవరి కాయితంలో తప్పున్నా వాడి కన్ను సరిగ్గా దాని మీదే పడేది. మేడమ్ ఒకరిని మెచ్చుకోవడం నేను చూసింది వాణ్ణే, అదీ ఒకేసారి. మా ఆవిడ ఆ మాట వీధి వీధికీ చెప్పుకుంది.

సాయంత్రం భోజనాల దగ్గర వాడు చెప్పే కబుర్లన్నీ విమానం కబుర్లే. ఆ వేసవంతా ఇంజన్ ఆగితే ఎలా దించాలో నేర్పుతున్నారు. మేడమ్ ఒక్క మాటైనా చెప్పకుండా థ్రాటిల్ వెనక్కి లాగేసి, ఇంజన్ పోయింది, దించు, అంటుందట. ముక్కు కొంచెం కిందకి వంచాలి, వేగం పోనివ్వకూడదు, గాలి ఎటుందో చూసుకోవాలి, పొలం ఒకటి ఎంచుకుని దాన్ని వదలకూడదు. ఐదు వందల అడుగుల దాకా దిగాక, చాలు, లేపు, అంటుందట. అప్పుడు మళ్ళీ ఇంజన్ పెంచి పైకి. కంచం చుట్టూ ఉప్పు గిన్నె తిప్పుతూ చూపించాడు. మా ఆవిడ ఉప్పు గిన్నె లాక్కుంది.

"ఒక్కసారైనా కిందదాకా దిగారా?" అని అడిగింది.

లేదన్నాడు. నిజంగా దిగితే పొలం వాళ్ళు తరిమి కొడతారన్నాడు.

"ఐతే ఆ ఐదు వందల అడుగులూ ఎవరు నేర్పుతారు?"

మేమిద్దరం నవ్వాం. విమానాల గురించి మా ఆవిడ అడిగే ప్రశ్నలకి నవ్వడం మాకు అలవాటు.

ఎండలు ముదిరాక పెట్రోలు లారీ ఆలస్యం కావడం మొదలైంది. వారానికోసారి వచ్చేది పదిహేను రోజులైనా రాలేదు. షెడ్డులో డ్రమ్ములు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఇంక అంచుదాకా పొయ్యడాలు లేవు, ఎవరి ప్రయాణానికి ఎంత కావాలో లెక్క వేసుకుని అంతే పోయించుకోండి అని మేడమ్ బోర్డు మీద రాసింది. అది రాసిన మూడో రోజే మా బామ్మర్ది ఆఖరి సోలో. ఒంటరిగా బయల్దేరి, రెండు వేరే ఊళ్ళలో దిగి లేచి, తిరిగి ఇక్కడికి రావాలి. అదైపోతే లైసెన్సుకి పరీక్ష ఒక్కటే మిగులుతుంది. వాడు మూడు రోజులు దాని మీదే కూర్చున్నాడు. గాల్లో రెండు గంటల నలభై నిమిషాలు, గంటకి ఇరవై రెండు లీటర్లు, పైన ముప్పావు గంట మిగులు. డెబ్భై ఆరు. ముందుజాగ్రత్తగా ఇంకో నాలుగు. ఎనభై.

ఆ రోజు పొద్దున ఎర్రదాంట్లో పుల్ల ముంచితే ముప్ఫై ఉంది. ఇంకో యాభై పొయ్యాలి. మాది చేతిపంపు. రెండుసార్లు కొడితే లీటరు, అంటే వంద కొట్టాలి. నాకు లెక్కపెట్టే అలవాటుంది, పెదవులు వాటంతటవే కదుల్తాయి. డెబ్భై దగ్గరే పుల్ల ఎనభై చూపించింది. ముందురోజు సాయంత్రమే పంపులో కొత్త వాషరు వేశాను. చూశావా నా చేతి మహత్యం, పంపు ఎట్లా లాగుతోందో, అని బామ్మర్దితో గొప్పలు కూడా పోయాను.

విద్యార్థి తన చేత్తో తాను కొలుచుకోవాలన్నది రూలు. వాడు స్టూలెక్కి, రెండు రెక్కల్లోనూ పుల్ల ముంచి, వెలుగులో పట్టుకుని చూశాడు. దిగి కాక్‌పిట్‌లో కూర్చుని కాసేపు ఆగాడు.

"బావా, గేజీ సగం దగ్గరే ఉంది."

"గేజీ మాట వింటావా, బావ మాట వింటావా?"

"నీ మాటే" అని నవ్వి, కాయితం మీద సంతకం పెట్టాడు. పుల్ల తీసుకెళ్ళి మేకుకి తగిలించాను. ఎనిమిదింటికి లేచాడు.

పదవుతుండగా నీలందాన్ని తీసుకెళ్ళడానికి ఒక విద్యార్థిని వచ్చింది. దాంట్లో ఇంకో ముప్ఫై లీటర్లు కావాలంది. పంపు కొట్టడం మొదలుపెట్టాను. పెదవులు లెక్కపెడుతున్నాయి. ముప్ఫై లీటర్లకి అరవై కొట్టాలి, కొత్త వాషరు కాబట్టి నలభై రెండుతో అయిపోవాలి. నలభై రెండు దగ్గర పుల్ల ముంచాను. కాలేదు. యాభై దగ్గర ముంచాను. కాలేదు. సరిగ్గా అరవై దగ్గర గీత తడిసింది.

స్టూలు మీద అలాగే నిలబడిపోయాను. పంపు ఎప్పుడూ కొట్టినంతే కొడుతోంది. మరి పొద్దున డెబ్భై కొడితే లోపలికి వెళ్ళింది ముప్ఫై ఐదు లీటర్లే కదా. దానికి ముందు ముప్ఫై అని చూపించింది మాత్రం నిజంగా ముప్ఫయ్యేనా? చేతిలో పుల్ల వంక చూశాను. పొడుగు ట్యాంకులు అప్పుడు గుర్తొచ్చాయి. విద్యార్థిని చెయ్యి పట్టుకుని దించింది.

రేడియో గదిలోకి పరిగెత్తి మేడమ్‌కి చెప్పాను. ఏం చెప్పానో, ఎలా చెప్పానో తెలీదు. పుల్ల తప్పు, పుల్ల తప్పు అన్నానని మాత్రం గుర్తు. ఆమె ఫోను తీసి రెండో ఊరి విమానాశ్రయానికి కలిపింది. ఎర్ర చార విమానం ఇప్పుడే లేచి వెళ్ళింది, నాలుగు నిమిషాలైంది, అన్నాడు అవతలి మనిషి. వెనక్కి పిలవమంది. అతను రేడియోలో పిలిచాడు, ఫోన్లో మాకు వినపడుతూనే ఉంది. జవాబు లేదు. ఊరి నుంచి బయటపడగానే మన రేడియో ఛానెల్‌కి మారిపోవాలని మేడమ్ వాళ్ళకి మొదటి రోజే నేర్పుతుంది. వాడు మారిపోయాడు. నేర్పింది నేర్పినట్టు చేసే మనిషి వాడు. మన రేడియోలో మేము పిలిచాం. మధ్యలో కొండలు. గరగర తప్ప ఇంకేమీ లేదు.

"పెట్రోలు ఎంతసేపు వస్తుంది?" అంది మేడమ్.

"పదీ నలభై దాకా. అదృష్టముంటే ఇంకో ఐదు నిమిషాలు."

వాడు రావాల్సింది పదకొండింటికి. గోడ గడియారంలో పదీ పదకొండు. ఆమె జీపు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడింది, ఎటు పోవాలో తెలీక. ప్రతి అర నిమిషానికీ పిలుస్తూనే ఉంది. ఆ అరగంటలో నేను చెయ్యగలిగిన పని ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. వాడు పైన ఎక్కడో బంగారంలాంటి ఇంజన్ మోత వింటూ, కాయితం చూసుకుంటూ, ఇంకా ముప్పావు గంట మిగులుందనుకుంటూ కూర్చుని ఉంటాడు. వాడికి తెలీనిది నాకు తెలుసు. తెలిసి ఏం లాభం?

పదిన్నరకి మా ఆవిడ వచ్చింది. తమ్ముడు దిగడం చూడాలని ఇస్త్రీ చీర కట్టుకుంది. బెంచీ మీద కూర్చుని, ఇంకా ఎంతసేపండీ అని అడిగింది. పదకొండింటికి అన్నాను. ఆ మాట నా నోట్లోంచి మామూలుగానే వచ్చింది. మొహం తుడుచుకోండి, అంత చెమటేంటి, అని కొంగు చివర అందించింది.

పదీ నలభై దాటింది. నలభై రెండు. నలభై మూడు. అప్పుడు రేడియోలో వాడి గొంతు వచ్చింది.

"ఎర్రది. ఇంజన్ ఆగిపోయింది. కొండలు దాటాను. కాలవకి తూర్పున బీడు కనిపిస్తోంది, దాంట్లోకి దించుతున్నాను."

ఎంత నిదానంగా చెప్పాడో. మేడమ్ వింటున్నానంది, తలుపు ఇరుక్కోకుండా గడి తీసి పెట్టుకోమంది, తీశానన్నాడు. ఆమె మైకు నా వైపు చాపింది. పట్టుకున్నాను. వాడి గొంతు ఇంకోసారి ఏదో అంది, సగంలో తెగిపోయింది. మా ఆవిడ బెంచీ మీంచి లేచి నిలబడింది.

జీపులో నలభై నిమిషాలు పట్టింది. మా ఆవిడని రావద్దంటే వింటుందా? వెనక సీటెక్కి కూర్చుంది. ఆ బీడుకి వెళ్ళి చూస్తే గడ్డిలో చక్రాల గుర్తులు తాడు పట్టి గీసినంత తిన్నగా ఉన్నాయి. గాలికి ఎదురుగా, సరైన చోట, సరైన వేగంతో దించాడు. నేనైనా ఇంతకంటే బాగా దించలేను అని మేడమ్ గొణిగింది. గుర్తుల చివర గడ్డిలో నీళ్ళు పారే ఒక సన్నటి పంటబోదె. పైనుంచి కనపడదు. నిలబడి చూసినా కనపడదు, కాలు పడితే తప్ప. ముందు చక్రం అందులో దిగబడి ఎర్రది ముక్కు మీద నిలబడి ఉంది.

వాణ్ణి ఎవరో రైతులు బయటికి తీసి చెట్టునీడలో పడుకోబెట్టారు. మా ఆవిడ తల ఒళ్ళోకి తీసుకోబోతే, కదల్చొద్దక్కా, నడుం, అన్నాడు. ఆమె నీళ్ళ కోసం జీపు దగ్గరికి పరిగెత్తింది. వాడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ట్యాంకు చూశావా బావా? చుక్క లేదు. ఎనభై పోశాం కదా."

అక్కడే చెప్పేశాను. పుల్ల సంగతి, పొడుగు ట్యాంకుల సంగతి, వాషరు సంగతి. కళ్ళు మూసుకుని విన్నాడు. పెదవులు కదిలాయి, మనసులో ఏదో కూడుకుంటున్నాడు. కళ్ళు తెరిచాక వాడి మొహంలో తేరుకున్న కళ కనిపించింది. ఆ నొప్పిలోనూ కొంచెం నవ్వాడు.

"ఐతే నా లెక్క కరెక్టే."

ఆసుపత్రిలో మూడు వారాలున్నాడు. వెన్నులో ఒక ఎముక అణిగిపోయింది. నడుస్తాడు, పని చేసుకుంటాడు, బరువులెత్తకూడదు అన్నాడు డాక్టరు. విమానం సంగతి నేనడిగాను. ఎగిరేవాళ్ళకి ఏటా జరిగే పరీక్షలో ఈ వెన్నుని ఎవరూ పాస్ చెయ్యరన్నాడు. ఆయన మంచివాడే. ఇంకోసారి అడిగినా విసుక్కోకుండా అదే జవాబు చెప్పాడు.

విచారణకి ముందురోజు బామ్మర్ది మంచం పక్కన కూర్చుని, రేపు రెండు పుల్లలూ తీసుకెళ్ళి ఆఫీసరు ముందు పెడతానని చెప్పాను. వాడు వద్దన్నాడు. తాను పుల్ల ముంచలేదనీ, కంటితో చూసి సంతకం పెట్టేశాననీ చెప్తానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిచ్చెక్కిందా అని తిట్టాను.

"నిండా మునిగినవాడికి చలేంటి బావా? నా ఎగరడం ఎట్లాగూ అయిపోయింది. నీ ఉద్యోగం పోతే ఆ క్వార్టరు పోతుంది, ముగ్గురం రోడ్డు మీదుంటాం. అదొక్కటే కాదు. అక్క నన్నైతే నాలుగు రోజులు తిట్టి ఐదో రోజు అన్నం పెడుతుంది, తమ్ముణ్ణి కాబట్టి. నువ్వు చేశావని తెలిస్తే నీతో మాట్లాడటం మానేస్తుంది. నన్ను వదిలించుకున్నాడని మా నాన్నతో మానేసింది చూశావుగా. ఆయన పోయేదాకా మాట్లాడలేదు."

"నీ లెక్క కరెక్టని నువ్వే కదా అన్నావు."

"నీకు తెలుసుగా. ఒక్కడికి తెలిస్తే చాలు."

దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అంటారు. ఆ సామెత విన్నప్పుడల్లా నవ్వుకునేవాణ్ణి. ఆ రోజు వాడి మంచం పక్కన తల వంచుకుని కూర్చుని, నోర్మూసుకోరా అని మాత్రం అనగలిగాను.

ఐనా మర్నాడు పుల్లలు తీసుకునే వెళ్ళాను. విచారణ మా స్కూల్లోనే, నల్లబల్ల ఉన్న క్లాసుగదిలో. పెద్దాఫీసు నుంచి వచ్చినాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుంటూ అంతా విన్నాడు. నేను మొదట్నుంచి చివరిదాకా చెప్పాను, ఏదీ దాచలేదు. ఆయన రెండు పుల్లలూ పక్కపక్కన పెట్టి చూసి, రెండూ ఒకేలా ఉన్నాయి కదయ్యా అన్నాడు. అదే సార్ తప్పు, ఒకేలా ఉండకూడదు, అన్నాను. తరవాత నడుముకి బెల్టుతో కుర్చీలో కూర్చున్న మా బామ్మర్ది వైపు తిరిగాడు.

"నేను పుల్ల ముంచలేదు సార్. పోసేశారు కదా అని చూడకుండా సంతకం పెట్టాను. గేజీ తక్కువ చూపిస్తున్నా పట్టించుకోలేదు. మా బావ నన్ను వెనకేసుకొస్తున్నాడు. చిన్నప్పట్నుంచీ అలవాటు."

అబద్ధం అన్నాను. అబద్ధమని మేడమ్‌కి తెలుసు, ఆ రోజు నేను పరిగెత్తుకొచ్చి చెప్పింది ఆమెకే, అడగండి అన్నాను. మేడమ్ కిటికీ వైపు చూస్తూ, మేస్త్రి ఆ కంగారులో ఏవేవో అన్నాడు, నాకు సరిగ్గా అర్థం కాలేదు అంది. విద్యార్థి పొరపాటైతే ఒక విద్యార్థితో పోతుంది. పుల్ల పొరపాటైతే స్కూలే మూతపడుతుంది. ఆమెని తిట్టుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. నాకు ఆ హక్కు ఎక్కడుంది?

ఆఫీసరు నా భుజం తట్టాడు. ఆ పుల్లని మార్చమని కూడా ఒక వాక్యం రాస్తాలే అన్నాడు. కారణం అన్న చోట, ఇంధనం లెక్కలో విద్యార్థి నిర్లక్ష్యం, అని రాశాడు. కింద వాడు సంతకం పెట్టాడు, ఆ పెన్సిల్ పట్టే చేత్తోనే.

ఆ సాయంత్రం మా ఆవిడ బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా వింది. నేను చెప్పడం అయ్యాక, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని, కాయితంలో వాడే సంతకం పెట్టాడు కదండీ అంది. అది అబద్ధమన్నాను. లేచి లోపలికి వెళ్ళి తమ్ముణ్ణి, నా మీద ఒట్టేసి చెప్పరా, అని అడిగింది. వాడు ఆమె మీద ఒట్టేసి, నేనేనక్కా, అన్నాడు. తిరిగొచ్చి నా ముందు నిలబడ్డప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. మీలాంటి మనిషి ఉంటాడా అండీ, వాడి కోసం ఉద్యోగం కూడా వదులుకోబోయారు, అంది. ఇరవై ఏళ్ళలో ఆమె నాకు ఎదురుగా అలాంటి మాట చెప్పడం అదే మొదలు. అరిచాను. నేనే తప్పు చేశానే, నమ్మవే, అని అరిచాను. అరిచేకొద్దీ ఆమె ఇంకా జాలిగా చూసింది.

ఆ రోజు నుంచి కంచంలో నాకు ముందు వడ్డించడం మొదలుపెట్టింది. వాడికి మాత్రం తిట్లు. నాలుగు రోజులతో ఆగలేదు. పెద్ద లెక్కల మాస్టారువి, చూసి సంతకం పెట్టడానికేం మాయరోగం, అని. వాడు అన్నిటికీ తల ఊపేవాడు. చెవి మీద పెన్సిల్ పెట్టుకోవడం మానేశాడు. ఎర్రది మరమ్మతై తిరిగొచ్చాక నేను ఒక పూట సెలవు పెట్టి దాని ట్యాంకు ఖాళీ చేసి, ఐదేసి లీటర్లు పోసుకుంటూ కొత్త పుల్ల చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఇప్పుడు ఎవరికీ అనుమానం రానంత సరిగ్గా ఉంది అది.

మొదటి వాన పడి తెరిపిచ్చిన పొద్దున, ఆ రోజు నన్ను స్టూలు మీంచి దించిన విద్యార్థిని మా వరండాలోకి వచ్చింది. మర్నాడు ఆమెకి ఆఖరి సోలో. పెట్రోలు ఇంకా అంతంతమాత్రమే. లెక్క కాయితం బామ్మర్దికి అందిస్తూ, ఒకసారి చూసిపెట్టవా అన్నా, అంది. వాడు చెయ్యి చాపి అందుకున్నాడు. మా ఆవిడ వచ్చి ఆ కాయితం వాడి చేతిలోంచి తీసేసి ఆ అమ్మాయికే ఇచ్చింది.

"వాడికి చూపించకమ్మా. ఏమన్నా ఐతే మళ్ళీ మా మీదకే వస్తుంది. మేడమ్‌కి చూపించుకో."

ఆ అమ్మాయి కాయితం మడిచి మెట్లు దిగింది. వాడు నా వైపు వంగి, మా ఆవిడకి వినపడకుండా, మూడో వరస బావా, అన్నాడు. ఎదురుగాలి వేగం తియ్యాల్సిన చోట కలిపిందట, పన్నెండు లీటర్లు తక్కువ పడతాయట. కాయితం వాడి చేతిలో ఉన్నది ఐదు క్షణాలు కూడా కాదు.

గేటు దాకా పరిగెత్తి ఆ అమ్మాయిని ఆపాను. మూడో వరస మళ్ళీ చూడమన్నాను. ఆమె అక్కడే నిలబడి, వేలితో వెతికి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది. భలే పట్టారు మేస్త్రిగారూ, మీరు చూడకపోతే ఏమయ్యేదాన్నో, అంది.

"పట్టింది నేను కాదమ్మా" అన్నాను, వరండాలోకి వినపడేలా. "వాడు."

వరండాలోంచి మా ఆవిడ నా వైపు చూసి, మొదలుపెట్టారా మళ్ళీ, అని తల అడ్డంగా ఊపింది. తరవాత తమ్ముడి వైపు తిరిగింది.

"బావని చూసి నేర్చుకోరా" అంది.

"అలాగే అక్కా" అన్నాడు వాడు.